గిటారు, ఆంప్లిఫయర్: మన ఇళ్లకు వచ్చిన దారి



పోయిన నెల మన వాట్సాప్ గ్రూపులో ఒక చెల్లెమ్మ ఒక ప్రశ్న వేసింది. "మావాడు ఎనిమిదో తరగతి. గిటారు నేర్చుకుంటానని ఒకటే గొడవ. ఏది కొనమంటారు? ఆంప్లిఫయర్ కూడా కావాలా?" అంతే. సాయంత్రానికి నలభై జవాబులు వచ్చాయి. ఐదువేలది చాలని ఒకరు, కొంటే అమెరికన్‌దే కొనాలని ఇంకొకరు. ఆంప్లిఫయర్ తెస్తే పక్క ఫ్లాటువాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారని ఒకరి హెచ్చరిక. "గిటారెందుకమ్మా, శుభ్రంగా వీణ నేర్పించు" అని ఒక పెద్దాయన సలహా. పాపం ఆ చెల్లెమ్మ చివరికి రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.

అదే వారంలో కమిటీలోనూ ఈ మాటే వచ్చింది. పిల్లల సంగీతం కోసమని ఒక సభ్యుడు ఇచ్చిన విరాళం ఉంది కదా, దానితో ఒక మంచి విదేశీ గిటారు, ఒక పెద్ద ఆంప్లిఫయర్ కొని హాల్లో పెడదామని కొందరు అన్నారు. ఉగాది కార్యక్రమానికి దర్జాగా ఉంటుందని వాళ్ల వాదన. వద్దు, చిన్నవి నాలుగైదు కొందామని మరికొందరు. నేను ఆ రోజు ఏమీ అనలేదు. ఈ వస్తువులు ఎలా పుట్టాయో, మన మద్రాసు ఇళ్లలోకి ఎలా వచ్చాయో కాస్త రాస్తే, ఏది కొనాలన్నది మనకే తెలుస్తుందని అనిపించింది. కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఆదివారం కాఫీతో చదువుకోండి.

వినబడని వాయిద్యం

గిటారు అసలు నెమ్మది గొంతు వాయిద్యం. నలుగురు కూర్చునే గదిలో వాయించుకోవడానికి పుట్టింది. 1920లలో అమెరికాలో డాన్సు బ్యాండ్లు పెద్దవయ్యాయి. ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ములు ఒక్కసారిగా మోగుతుంటే మధ్యలో గిటారు వాయించేవాడు ఉన్నాడో లేడో తెలిసేది కాదు.

అదే కాలంలో అక్కడ హవాయి సంగీతం పిచ్చి పట్టుకుంది. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయించే పద్ధతి అది. అలా వాయించే జార్జ్ బోషాంప్ అనే ఆయనకు తన వాయిద్యం వినబడటం లేదన్న బాధ ఉండేది. ఆయనా, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనే కార్ఖానా యజమానీ కలిసి 1931, 32 ప్రాంతంలో ఒక వింత వస్తువు తయారుచేశారు. గుండ్రటి అల్యూమినియం ఒళ్లు, దానికి పొడుగాటి పిడి. చూడటానికి అచ్చం మన దోసెల పెనంలా ఉండేది. జనం కూడా దానికి 'ఫ్రయింగ్ పాన్' అనే పేరు పెట్టారు. లోకంలో బజారుకెక్కిన మొదటి ఎలక్ట్రిక్ గిటారు అదే.

దాని కిటుకు సులువే. తీగల కింద ఒక అయస్కాంతం, దాని దగ్గర సన్నటి రాగితీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. ఆ కదలికకు రాగిచుట్టలో చిటికెడు కరెంటు పుడుతుంది. దీన్నే పికప్ అంటారు. ఆ చిటికెడు కరెంటును పెద్దది చేసి స్పీకరుకు పంపేది ఆంప్లిఫయర్. నైలాన్ తీగల గిటారుకు ఈ పికప్ పనిచేయదు. అయస్కాంతానికి నైలాన్‌తో పని లేదు కదా.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఎలక్ట్రిక్ గిటారులో సగం వాయిద్యమే మన చేతిలో ఉంటుంది. మిగతా సగం నేల మీద ఉన్న పెట్టె. డబ్బంతా గిటారు మీద పోసి, పెట్టె దగ్గర చెయ్యి బిగించేవాళ్లు సగం వాయిద్యమే కొన్నట్టు.

హవాయి గిటారు మన దేశానికి కూడా వచ్చింది. టౌ మో అనే ప్రసిద్ధ హవాయి వాద్యకారుడు 1940లలో కుటుంబంతో సహా కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నాడు. అక్కడి నుంచే ఈ వాయిద్యానికి మన దేశంలో బాగా వ్యాప్తి కలిగింది. 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' రికార్డులో శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో పాటు బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు కూడా ఉంది. అది ఒళ్లో పెట్టి వాయించే గిటారే. మన పాత ఫోటో ఆల్బమ్‌లలో అత్తయ్యలో పిన్నమ్మలో గిటారు ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్న ఫోటో కనిపిస్తే, తప్పుగా పట్టుకున్నారని నవ్వకండి. ఆ వాయిద్యం పట్టుకునే తీరే అది.

రేడియోలు బాగుచేసే మనిషి

కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. ఆయనకు జీవితాంతం గిటారు వాయించడం రాలేదు. కానీ చుట్టుపక్కల వాద్యగాళ్లు పాడైన ఆంప్లిఫయర్లు పట్టుకొచ్చేవారు. ఏది ఎందుకు పాడవుతోందో ఆయన దగ్గరుండి చూశాడు. 1950లో గుల్ల లేని గట్టి చెక్కపలకతో ఒక గిటారు చేశాడు. 1951 నుంచి దాని పేరు టెలికాస్టర్. నెక్‌ను ఒంటికి జిగురుతో అతికించకుండా నాలుగు మరలతో బిగించాడు. నెక్ పాడైతే మరలు విప్పి కొత్తది వేసుకోవచ్చు. వడ్రంగం బాగా తగ్గింది, తయారీ సులువైంది, ధర మామూలు ఉద్యోగస్థుడికి అందేంత దగ్గరికి వచ్చింది. 1952లో గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటారు తెచ్చింది. 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఈరోజు దుకాణంలో గోడకు వేలాడే ఎలక్ట్రిక్ గిటార్లలో చాలా భాగం ఈ మూడింటి పోలికలే.

ఫెండర్ పెద్దవాళ్లకే కాదు, నేర్చుకునేవాళ్లకూ చేశాడు. ఛాంప్ అని చిన్న ఆంప్లిఫయర్, సుమారు ఐదు వాట్లు. అమెరికాలో సియర్స్ అనే పెద్ద దుకాణం కాటలాగ్ పంపి, పోస్టులో వస్తువులు అమ్మేది. 1962లో వాళ్లు సిల్వర్‌టోన్ పేరుతో ఒక గిటారు అమ్మారు. చేసింది డేన్‌ఎలెక్ట్రో కంపెనీ. ఒళ్లు హార్డ్‌బోర్డు. దాని పెట్టెలోనే ఆంప్లిఫయర్, స్పీకరు బిగించి ఉండేవి. పెట్టె తెరిచి, గిటారు తీసి, వైరు తగిలిస్తే చాలు. అమెరికాలో ఒక తరం పిల్లలు ఇలాంటి చవక గిటార్ల మీదే వేళ్లు తిప్పుకున్నారు. సరదాగా వాయించుకునే మామూలు మనిషి ఉన్నాడు కాబట్టే ఈ వ్యాపారం నిలబడింది. వేదికల మీది కళాకారులు ఎంతమంది ఉంటారు? పోస్టులో గిటారు తెప్పించుకున్న కుర్రాళ్లు లక్షల్లో ఉంటారు.

ఇంగ్లండు చుట్టూ గోడ

ఇప్పుడు మన కథకు దగ్గరగా వచ్చే ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండు దగ్గర డాలర్లు లేవు. 1951 నుంచి 1959 దాకా అమెరికా వాయిద్యాలు అక్కడికి రాకుండా ఆంక్షలు పెట్టారు. క్లిఫ్ రిచర్డ్ 1959లో తన గిటారిస్టు హ్యాంక్ మార్విన్ కోసం అమెరికా నుంచి స్ట్రాటోకాస్టర్ తెప్పిస్తే, అక్కడి కుర్రాళ్లు దాన్ని ఊరేగింపులో దేవుణ్ణి చూసినట్టు చూశారు.

ఆంక్షలు పోయినా అమెరికా సరుకు ధర సామాన్యుడికి అందలేదు. లండన్‌లో హాన్‌వెల్ అనే చోట జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారికి ఒక దుకాణం ఉండేది. అక్కడికి వచ్చే కుర్రాళ్లు పెద్ద చప్పుడు చేసే ఆంప్లిఫయర్ కావాలని అడిగేవారు. ఆయన మనుషులు ఫెండర్ వాళ్ల బాస్‌మన్ ఆంప్లిఫయర్‌ను చూసి, ఇంగ్లండులో దొరికే విడిభాగాలతో 1962, 63 ప్రాంతంలో తమది ఒకటి తయారుచేశారు. నకలు చేయబోతే కొత్త ధ్వని పుట్టింది. అదే ఈరోజు లోకమంతా తెలిసిన మార్షల్.

అదే 1963లో లండన్ దగ్గర బ్రయన్ మే అనే పదహారేళ్ల కుర్రాడికి స్ట్రాటోకాస్టర్ కొనే స్తోమత లేక, తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకోవడం మొదలుపెట్టాడు. నెక్‌కు ఒక పాత ఇంటి పొయ్యిగూటి చెక్క. తీగలను లాగి వదిలే మీటకు మోటారుసైకిల్ ఇంజన్ స్ప్రింగులు. తర్వాత క్వీన్ అనే ప్రఖ్యాత బృందంలో జీవితమంతా అదే గిటారు వాయించాడు. ఆ బృందంలోనే ఉన్న జాన్ డీకన్, 1970ల మొదట్లో చెత్తకుండీలో దొరికిన ఒక సర్క్యూట్‌ను చిన్న స్పీకరు పెట్టెలో బిగించి బ్యాటరీతో నడిచే ఆంప్లిఫయర్ చేశాడు. అది కూడా వాళ్ల రికార్డుల్లో మోగింది.

దొరకని చోట మనుషులు చేసుకుంటారు. ఈ ఒక్క ముక్క మన దేశానికీ వర్తిస్తుంది. కానీ మన దగ్గర ఇంకో బాధ కూడా ఉండేది. దానికి వస్తున్నాను.

మన గోడ

మద్రాసులో పాశ్చాత్య వాయిద్యాలకు కొరత ఏమీ లేదు. మౌంట్ రోడ్డు మీది మ్యూసీ మ్యూజికల్ 1842లో మిస్క్విత్ అండ్ కో పేరుతో మొదలైన దుకాణం. పియానోలు, వయొలిన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మారక ద్రవ్యం కొరత వల్ల లైసెన్సు లేకుండా బయటి సరుకు దిగుమతి చేసుకోవడానికి లేదు. తినే తిండికే నౌకల కోసం ఎదురుచూసిన దేశంలో గిటారు కోసం డాలర్లు ఎవరిస్తారు? తప్పు పట్టడానికేమీ లేదు. ఫారిన్ సరుకు కావాలంటే బీచి స్టేషన్ ఎదుట బర్మా బజారు ఒకటే మనకు దిక్కు. లేదంటే దుబాయి నుంచో సింగపూరు నుంచో వచ్చే బంధువు.

అయినా మన కుర్రాళ్లు ఆగలేదు. 'సిమ్లా బీట్' అనే పేరుతో ఒక సిగరెట్టు కంపెనీ దేశమంతటా బ్యాండ్ల పోటీ పెట్టి, 1970లోనూ 1971లోనూ గెలిచినవాళ్ల పాటలతో రికార్డులు వేసింది. ఆ రోజుల్లో గిటారు ఆంప్లిఫయర్ అంటే చాలామందికి పెళ్లి పందిళ్లలో మైకుసెట్టువాళ్లు తెచ్చే ఆంప్లిఫయరే. అది మాట స్పష్టంగా వినిపించడానికి చేసింది, గిటారుకు కాదు. ఇంకొందరు ఇంట్లో పెద్ద వాల్వు రేడియోనే వాడుకునేవారు. దాని వెనక గ్రామఫోన్ తగిలించుకునే సాకెట్ ఉండేది. గిటారు వైరు అందులో గుచ్చితే రేడియోలోంచి గిటారు పలికేది. నాన్నగారు వార్తల టైముకు వచ్చేలోపు వైరు పీకెయ్యాలి, అదొక్కటే నియమం.

ఇక సినిమా. ఈ ఊళ్లో గిటారు అనగానే కోడంబాకం గుర్తుకొస్తుంది. స్టూడియోల్లో తెలుగు, తమిళ, కన్నడ పాటలన్నిటికీ వాయించేది దాదాపు అదే బృందం. ఇళయరాజాగారు సంగీత దర్శకుడు కాకముందు గిటారిస్టే. మన తెలుగువారైన జి.కె. వెంకటేష్ గారి దగ్గర గిటారు వాయిస్తూ, సహాయకుడిగా పని నేర్చుకున్నారు. 1976లో 'అన్నక్కిళి' వచ్చింది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో మా వీధిలో గిటారు కావాలని అడగని కుర్రాడు లేడు.

మా అన్నయ్యా అడిగాడు.

మా అన్నయ్య గిటారు

ఇది 1979 మాట. నాన్నగారిది చిన్న ఉద్యోగం. అన్నయ్య ట్యూషన్లు చెప్పి నూట యాభై రూపాయలు పోగేసి, కాలేజీ స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్ గిటారు కొన్నాడు. మన దేశంలోనే చేసిన గిటారు, ఉక్కు తీగలు. ఇంటికి తెచ్చిన రోజు అమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

రోజూ సాయంత్రం మేడ మీద కూర్చునేవాడు. తీగ నొక్కాలంటే బలమంతా పెట్టాలి. వేలి చివర్లు చీలి రక్తం వచ్చేది. కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చునేవాడు. నొక్కినా శ్రుతి కలిసేది కాదు. పక్కింటి మామ వీణ విద్వాంసుడు. ఆయన ఒకరోజు విని, "బాబూ, నీ చెవి బాగానే ఉంది, చెయ్యే తిరగడంలేదు" అన్నాడు. నాన్నగారు కూడా అదే అన్నారు, "మనకు రాసిపెట్టి లేదులేరా" అని. నాలుగు నెలలకు గిటారు అటకెక్కింది. అన్నయ్య బ్యాంకు పరీక్షలు రాసుకున్నాడు. తర్వాత ఎవరైనా సంగీతం మాట ఎత్తితే "మా ఇంట్లో చెవులే ఉన్నాయి, చేతులు లేవు" అని నవ్వేసేవాడు.

రెండేళ్ల కిందట పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ గిటారు దొరికింది. నేను దాన్ని వాయిద్యాలు బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నెక్‌ను కంటి దగ్గర పెట్టుకుని బాణం చూసినట్టు చూశాడు. స్టీలు స్కేలు తీసి పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు కొలిచాడు. మామూలుగా రెండున్నర, మూడు మిల్లీమీటర్లు ఉండాల్సింది ఏడు ఉంది. "సార్, ఇది కొన్నప్పటినుంచే ఇలా ఉండుంటుంది. నెక్ వంగింది, బ్రిడ్జి మీద ఎముకముక్క ఎత్తుగా వేశారు. దీనిమీద ఎవరూ నేర్చుకోలేరు" అన్నాడు. నొక్కడానికి అంత లోతుకు పోవాల్సి రావడంతో తీగ సాగి శ్రుతి కూడా తప్పేదట. ఎముకముక్క అరగదీసి, నెక్ లోపలి ఇనుప కడ్డీ బిగించి, పాత తీగలు తీసేసి సన్నవి వేశాడు. ఒక పూట పని. తీసుకున్నది పదిహేను వందలు.

అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే తప్పు నా వేళ్లది కాదన్నమాట" అన్నాడు. నలభై మూడేళ్లుగా ఆయన తనకు సంగీతం రాదనే అనుకున్నాడు.

ఇందాక చెప్పిన మన బాధ ఇదే. ఇంగ్లండులో గోడ వెనక మార్షల్ పుట్టాడు. మన గోడ వెనకా చేసేవాళ్లు పుట్టారు. కానీ గిటారును వాయించడానికి వీలుగా సరిచేసి ఇచ్చే పని, అంటే సెటప్, తెలిసినవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. తబలాకు శ్రుతి చేసేవాడు, వీణకు మైనం వేసి మెట్లు నిలబెట్టేవాడు వీధికొకరు ఉన్న ఊళ్లో, గిటారుకు అలాంటివాడు కావాలన్న ఎరుకే లేదు. ఎంతమంది అన్నయ్యలు, అక్కయ్యలు ఇలా చేతిది తప్పనుకుని వదిలేశారో లెక్క ఎవరూ కట్టలేదు.

పాలకొల్లు కుర్రాడు

ఆంప్లిఫయర్ అంటే పాశ్చాత్యుల గోల అనుకునే పెద్దలకు ఒక మాట. వయొలిన్ కూడా పరాయిదే. సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఈ మద్రాసులోనే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఈరోజు వయొలిన్ లేని కచేరీ ఉందా? వీణ కూడా పెద్ద సభలో వెనక వరుసలకు వినబడక కాంటాక్ట్ మైకు పెట్టుకుంది.

ఇక మన ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాద్యకారులు. ఇంట్లో ఉన్న మండోలిన్ ఆరేళ్ల పిల్లవాడు ఎత్తుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మండోలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే ఈయన వాయించేవారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. తర్వాత కుటుంబం మద్రాసు వచ్చేసింది.

మామూలు మండోలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. మీటిన స్వరం టక్కున ఆగిపోతుంది. మన గమకానికి స్వరం నిలవాలి, తీగను పక్కకు లాగాలి. జంట తీగలతో ఆ రెండూ కష్టం. శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మండోలిన్, ఒంటి తీగలు, మొత్తం ఐదు. పికప్, ఆంప్లిఫయర్ కలిసి స్వరాన్ని నిలబెట్టాయి. ఆ నిలిచిన స్వరం మీద ఆయన గమకం పలికించారు. అంటే ఆంప్లిఫయర్ ఇక్కడ చప్పుడు పెంచడానికి వచ్చింది కాదు, కర్ణాటక సంగీతాన్ని ఆ వాయిద్యం మీద సాధ్యం చేయడానికి వచ్చింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న ఈ చెన్నైలోనే నలభై ఐదేళ్లకే వెళ్లిపోయారు. గిటారు తీగల మీద కరెంటు పెట్టడం మన సంప్రదాయానికి పడదని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి, చాలు.

గోడ కూలాక

1970లలో జపాను కంపెనీలు అమెరికన్ గిటార్లకు నకళ్లు చేసి చవకగా అమ్మాయి. 1977లో గిబ్సన్ యాజమాన్యం ఐబనేజ్ గిటార్లు అమ్మే అమెరికా పంపిణీదారు మీద కోర్టుకెక్కింది. గొడవ గిటారు తల ఆకారం మీద. కోర్టు బయట రాజీ అయింది. 1982లో ఫెండర్ తనే జపానులో గిటార్లు చేయించి, వాటిలో చవక రకానికి స్క్వయర్ అని పేరు పెట్టింది. తర్వాత తయారీ కొరియాకు, ఇండోనేషియాకు, చైనాకు పాకింది. మన దేశంలో 1991 తర్వాత దిగుమతి ఆంక్షలు మెల్లగా సడలాయి. పరిమాణ ఆంక్షల్లో మిగిలిన చివరివి 2001 ఏప్రిల్‌లో పోయాయి. ఇప్పుడు యమహా కంపెనీ మన చెన్నై దగ్గరే ఫ్యాక్టరీ పెట్టి గిటార్లు చేస్తోంది. ఒకప్పుడు బర్మా బజారులో వెతికిన పేరు ఈరోజు మన శివార్లలో తయారవుతోంది.

ఆంప్లిఫయర్ కూడా మారింది. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. 1990ల చివరి నుంచి పాత ఆంప్లిఫయర్ల ధ్వనిని కంప్యూటరు లెక్కలతో అనుకరించే పెట్టెలు వచ్చాయి. వాటికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్క ఫ్లాటుకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడదు.

అంటే ఇప్పుడు గోడ లేదు. ఉన్న కష్టం వేరు. ఎంచుకోవడానికి మరీ ఎక్కువ ఉన్నాయి. ఫోన్ తెరిస్తే చాలు, ఇంకా మంచిది, ఇంకా ఖరీదైనది కొనమని ఎవడో ఒకడు చెబుతూనే ఉంటాడు. వాయించే టైముకన్నా కొనడం గురించి వీడియోలు చూసే టైము ఎక్కువైపోయింది.

కాబట్టి ఏం కొనాలి?

చెల్లెమ్మా, నీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు.

మొదటిది, చేతిలో ఉన్న డబ్బులో రెండు వేలు సెటప్ కోసం పక్కన పెట్టు. కొత్త గిటారుకైనా సరే. మన ఊరి తేమకు, ఎండకు చెక్క కదులుతుంది. ఫ్యాక్టరీలో సరిగ్గా ఉన్నది ఇంటికొచ్చేసరికి ఉండకపోవచ్చు. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు చూడమని అడుగు. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే వచ్చే స్వరం, ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా పైస్థాయిలో ఉండాలి. లేకపోతే ఆ గిటారు అక్కడే వదిలేసి రా.

రెండోది, అబ్బాయి ఏ పాట విని గిటారు అడిగాడో అది కనుక్కో. ఎలక్ట్రిక్ ధ్వని విని అడిగినవాడికి, ముందు మామూలుది నేర్చుకో అని ఉక్కు తీగల పెద్ద గిటారు ఇస్తే వేళ్లు నొప్పి, మనసూ నొప్పి. నిజానికి ఎలక్ట్రిక్ గిటారు తీగలు సన్నగా ఉంటాయి, నొక్కడం సులువు. మరీ చిన్న పిల్లలకైతే నైలాన్ తీగల చిన్న సైజు గిటారు మేలు.

మూడోది, ఆంప్లిఫయర్ వాట్లు చూసి మోసపోకు. చెవికి చప్పుడు రెండింతలు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. అంటే నూరు వాట్ల పెట్టె పది వాట్లదానికి రెట్టింపుగా మాత్రమే వినిపిస్తుంది. ఇంట్లోకి ఐదు, పది వాట్లు ఎక్కువే. ఎరిక్ క్లాప్టన్ అంతటివాడు 1970లో 'లేలా' రికార్డుకు ఇందాక చెప్పిన చిన్న ఛాంప్ ఆంప్లిఫయర్ వాడాడు. హెడ్‌ఫోన్ సాకెట్ ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడు.

నాలుగోది, సెకండ్ హ్యాండ్ అంటే భయం వద్దు. కానీ తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లు. నెక్ నిటారుగా ఉందా, మెట్లు అరిగిపోయాయా, మీటలు తిప్పుతుంటే గరగర వస్తోందా చూడమను. దీనికి మన సంఘంలోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, అడిగితే కాదనరు.

ఇక కమిటీకి నా విన్నపం. ఒక్క ఖరీదైన గిటారు, ఒక్క పెద్ద ఆంప్లిఫయర్ కొనవద్దు. కొంటే అది ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ వార్షికోత్సవానికీ బయటికొస్తుంది. మిగతా రోజులన్నీ తాళం వేసిన గదిలోనే. పిల్లలను ముట్టుకోనివ్వం, పాడవుతుందని. దాని బదులు మామూలువి నాలుగు గిటార్లు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న ఆంప్లిఫయర్లు రెండు కొందాం. వాటిని లైబ్రరీ పుస్తకంలా మూడేసి నెలలు ఇళ్లకు ఇద్దాం. మిగిలిన డబ్బుతో మన సభ్యుల ఇళ్లలో అటకల మీద ఉన్న పాత గిటార్లను ఆ మేస్త్రీతో సరిచేయిద్దాం. ఒక్కోదానికి ఒక పూట పని, పదిహేను వందలు. బాగుపడనివాటిని బాగుపడవని ఆయనే చెప్పేస్తాడు.

అన్నయ్యకు ఇప్పుడు అరవై ఆరు. ఆ గిటారు ఆయన దగ్గరికే పంపించాను. పోయిన వారం ఫోన్లో ఒక పాట మొదటి వరస వాయించి వినిపించాడు. మధ్యలో రెండుచోట్ల ఆగాడు, తప్పులూ వచ్చాయి. శ్రుతి మాత్రం కలిసింది.

మీ ఇంటి అటక మీద గిటారో, మండోలినో, పాత ఆంప్లిఫయరో ఉంటే కింద కామెంట్‌లో రాయండి. వచ్చే ఆదివారం మీటింగుకు తీసుకొస్తే మరీ మంచిది. మేస్త్రీని కూడా రమ్మన్నాను.